ఒక్క నిధే ఉన్న నగరం ముందు రెండు దారులు: లైట్ రైలా, కొత్త రోడ్లా?

బాటసారి (ప్రశ్న)

నగర రవాణా గురించి చర్చ ఎక్కడ మొదలైనా చివరికి రెండు పక్షాలుగా చీలిపోవడం చూస్తున్నాను. రోడ్లు వెడల్పు చేసి, కూడళ్ళ మీద ఫ్లైఓవర్లు కడితే రద్దీ తగ్గుతుందని ఒక పక్షం అంటుంది. ఎన్ని రోడ్లు వేసినా నిండిపోతూనే ఉంటాయి కాబట్టి ఆ డబ్బుతో లైట్ రైలు (వీధిలో వేసిన పట్టాల మీద నడిచే చిన్న విద్యుత్ రైలు) వేయాలని రెండో పక్షం అంటుంది. రెండు వైపులా నినాదాలు ఎక్కువగా, లెక్కలు తక్కువగా వినిపిస్తున్నాయి. అందుకే విషయం తెలిసినవారిని అడుగుదామని ఇది రాస్తున్నాను.

చర్చ కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. నగర కేంద్రం నుంచి శివారు దాకా సుమారు 15 కిలోమీటర్ల ప్రధాన మార్గం ఉంది. ఉదయం, సాయంత్రం అక్కడ వాహనాలు కదలవు. చేతిలో ఉన్న నిధి ఒక్క పనికే సరిపోతుంది. రోడ్డును విస్తరించి, పెద్ద కూడళ్ళ మీద వంతెనలు కట్టడం ఒక దారి. అదే రోడ్డు మధ్యలో నేల మీదే రెండు పట్టాల వరుసలు వేసి లైట్ రైలు నడపడం రెండో దారి.

నా మొగ్గు ఇంతవరకు రోడ్ల వైపే ఉంది. రోడ్డు మీద కారు వెళుతుంది, బస్సు వెళుతుంది, అంబులెన్సు వెళుతుంది, సరుకుల లారీ వెళుతుంది. పట్టాలు ఆ ఒక్క మార్గానికి, ఆ ఒక్క వాహనానికే పనికొస్తాయి. మార్గానికి రెండు కిలోమీటర్ల అవతల ఉండేవారికి దానివల్ల ఏం లాభం? కొత్త రోడ్డు నిండిపోతుందంటున్నారు సరే, మరి రైలు నిండిపోదా? నిండిన రైలును మెచ్చుకుని, నిండిన రోడ్డును ఎందుకు తప్పుపడుతున్నారు? ఇవి వాదన కోసం వేస్తున్న ప్రశ్నలు కావు, నాకు నిజంగానే అర్థం కాని విషయాలు.


రేఖాపటం (సమాధానం)

చివరి ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. రోడ్డు మీదికి కొత్తగా వచ్చే ప్రతి కారూ అప్పటికే అక్కడున్న కార్లన్నిటినీ కొంత నెమ్మదింపజేస్తుంది. రైలుకు కొత్తగా వచ్చే ప్రయాణికులు కూడా కొంత ఇరుకు తెస్తారు గాని, వారి సంఖ్య పెరిగితే పది నిమిషాలకొకటి నడిచే రైలును ఐదు నిమిషాలకొకటి నడపడం గిట్టుబాటవుతుంది, దానితో పాత ప్రయాణికులు స్టేషన్లో నిలబడే సమయం కూడా తగ్గుతుంది. అంటే జనం పెరిగేకొద్దీ రోడ్డు సేవ దిగజారుతుంది, రైలు సేవ ఒక హద్దు వరకు మెరుగవుతుంది. నిండిన రైలును, నిండిన రోడ్డును ఒకే గాటన కట్టకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు వెడల్పు లెక్క చూద్దాం. సిగ్నళ్ళున్న నగర రోడ్డులో చాలా సేపు ఎర్ర దీపమే వెలుగుతుంది కాబట్టి ఒక వరుస నుంచి గంటకు సుమారు 700 నుంచి 900 కార్లకు మించి దాటడం కష్టం. కారుకు సగటున ఒకటిన్నర మంది అనుకుంటే అది 1,200 మందికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. దాదాపు అంతే వెడల్పు పట్టే ఒక పట్టాల వరుస మీద, 300 మంది పట్టే లైట్ రైలు నాలుగు నిమిషాలకొకటి చొప్పున నడిస్తే గంటకు 4,500 మంది వెళతారు. రెండు రైళ్ళను కలిపి నడిపితే 9,000 మంది. ఆ 9,000 మందిని కార్లలో తీసుకెళ్ళాలంటే ఒక్క దిశకే ఏడెనిమిది వరుసలు కావాలి, వాళ్ళు దిగాక ఆ కార్లన్నీ నిలపడానికి నగర కేంద్రంలో చోటు కూడా కావాలి. రోడ్డు విస్తరణ అంచనాల్లో ఈ పార్కింగ్ చోటు ఖర్చు సాధారణంగా కనిపించదు, ఎందుకంటే అది మరొకరి ఖాతాలో పడుతుంది.

రోడ్లు నిండిపోవడం గురించి. రద్దీ వేళల్లో నగర రహదారులు వాటి సామర్థ్యం మేరకు మళ్ళీ నిండుతాయని అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఒక సూత్రంగా చెప్పాడు. రోడ్డు వెడల్పు కాగానే, అంతవరకు రద్దీకి జంకి ముందుగానో ఆలస్యంగానో బయలుదేరుతున్నవారు మళ్ళీ అదే వేళకు వస్తారు, పక్క దారుల్లో పోయేవారు ఇటు మళ్ళుతారు, బస్సెక్కేవారు కారు తీస్తారు. కొన్నేళ్ళలో శివార్లలో కొత్త కాలనీలు కూడా ఆ రోడ్డును నమ్ముకునే వెలుస్తాయి. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే వేగ రహదారిని సుమారు 280 కోట్ల డాలర్లు పెట్టి విస్తరించి 2008లో పూర్తి చేశారు. పక్క రోడ్లను కూడా కలుపుకుంటే అత్యంత వెడల్పైన చోట అది 26 వరుసలు. 2011, 2014 సంవత్సరాల మధ్య దాని మీద రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్ళీ గణనీయంగా పెరిగింది. 26 వరుసలు చాలని చోట 28 వరుసలు చాలుతాయని నేను నమ్మలేను.

ఫ్లైఓవర్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఒక కూడలిలో ఆగే వాహనాలను అది మరింత వేగంగా తర్వాతి కూడలికి చేరుస్తుంది. అక్కడి సిగ్నల్ సామర్థ్యం ఏమీ మారలేదు కాబట్టి వరుస అక్కడ మొదలవుతుంది. అప్పుడు అక్కడా ఒక ఫ్లైఓవర్ కావాలంటారు.

దీనికి భిన్నంగా నడిచిన నగరంగా అమెరికాలోని పోర్ట్‌లాండ్‌ను చెప్పవచ్చు. 1970ల్లో మౌంట్ హుడ్ ఫ్రీవే అనే ప్రతిపాదిత రహదారిని వదులుకుని, దానికోసం వచ్చే కేంద్ర నిధులను ఇతర రవాణా పనులకు మళ్ళించుకున్నారు. వాటి ఊతంతో వచ్చిన తొలి లైట్ రైలు మార్గం 1986లో మొదలైంది. అక్కడి నగర కేంద్రంలో రెండు అడ్డవీధుల మధ్య దూరం 200 అడుగులే కాబట్టి, రెండు బోగీలకు మించిన రైలు ఆగితే వెనుక ఉన్న అడ్డవీధి మూసుకుపోతుంది. ఆ ఒక్క కొలత మొత్తం రైలు వ్యవస్థ సామర్థ్యానికి ఈనాటికీ హద్దు గీస్తోంది. మీ ఉదాహరణలో కూడా రైలు గురించి మాట్లాడే ముందు వీధిని కొలవాలి.

రైలు మార్గానికి దూరంగా ఉన్నవారి మాట మీరు న్యాయంగానే అడిగారు. రైలు తెరిచిన రోజునే బస్సు మార్గాలను తిరిగి గీసి, వాటిని స్టేషన్లకు కలపకపోతే ఆ రెండు కిలోమీటర్ల అవతలివారికి లాభం ఉండదు. అది రైలు పథకంలో భాగంగానే ఉండాలి, తర్వాత చూద్దామని వదిలేయకూడదు.


రోడ్ల ఇంజనీరు (సమాధానం)

రేఖాపటం గారు చెప్పిన అంకెలను నేను కాదనను. అయితే 9,000 అనేది రైలు మోయగలిగిన సంఖ్య మాత్రమే, ఎక్కే సంఖ్య వేరు. ఈ రెంటినీ కలిపేసినందువల్లే చాలా నగరాలు దెబ్బతిన్నాయి. అమెరికాలోని శాన్ హోజేలో 1987 నుంచి లైట్ రైలు నడుస్తోంది. ఇళ్ళూ కార్యాలయాలూ దూరదూరంగా పరుచుకున్న ప్రాంతం కాబట్టి, స్టేషన్ నుంచి నడిచి చేరుకోగల చోట్లు తక్కువ. అందువల్ల ఎన్నేళ్ళు గడిచినా ఆశించినంత మంది ఎక్కలేదు. ఖాళీగా తిరిగే రైలు కూడా వెడల్పును, విద్యుత్తును, జీతాలను తింటూనే ఉంటుంది.

ఖర్చు విషయంలో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో అనుభవం ప్రతి నగరమూ చదవాల్సిన పాఠం. మొదట 37.5 కోట్ల పౌండ్లతో అనుకున్న ట్రామ్ (ఇదీ వీధిలో నడిచే లైట్ రైలే) పథకం 77.6 కోట్ల పౌండ్లకు చేరింది. అంత చేసినా 2014లో తెరిచింది అనుకున్నదానికంటే పొట్టిదైన 14 కిలోమీటర్ల మార్గమే. మిగిలిన భాగం ప్రయాణికులకు అందేసరికి 2023 అయింది. కాంట్రాక్టుల తగాదాలు ఒక ఎత్తు, వీధి కింద ఉన్నవి మరొక ఎత్తు. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, గ్యాసు పైపులు, కేబుళ్ళు దశాబ్దాల తరబడి ఎవరికి తోచినచోట వారు పాతుకుంటూ పోయినవి, పటాల్లో ఒకచోట ఉండి తవ్వితే మరొకచోట బయటపడతాయి. పట్టాల కింద వాటిని వదిలేస్తే రేపు పైపు పగిలినప్పుడు రైలు ఆపాలి కాబట్టి ముందుగానే పక్కకు జరపాలి. పాత నగరంలో లైట్ రైలు అంచనా వేసేటప్పుడు నేనైతే పట్టాల ధర కంటే ముందు ఈ పని గురించే అడుగుతాను.

తెరిచాక నిర్వహణ సంగతి ఉంటుంది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో 2015లో 41 రైళ్ళతో లైట్ రైలు ఘనంగా మొదలైంది. విడిభాగాలకు విదేశీ మారకం దొరక్క, మరమ్మతులు సాగక, కొన్నేళ్ళకే అందులో చాలా రైళ్ళు డిపోకు పరిమితమయ్యాయి. డబ్బున్న కెనడా రాజధాని ఒట్టావాలో సైతం 2019లో మొదలైన మార్గం మీద 2021లో రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు రైళ్ళు పట్టాలు తప్పాయి. గుంత పడ్డ రోడ్డు మీద బండి నెమ్మదిగానైనా పోతుంది గాని, చెడిపోయిన పట్టా మీద ఏదీ పోదు.

ఇంకొక సంగతిని రైలు పక్షంవారు దాటవేస్తుంటారు. రోడ్లు పెంచితే వాహనాల ప్రయాణ దూరం దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుందని గిల్ డురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల సమాచారంతో చూపించారు. దాన్ని అందరూ ఉదహరిస్తారు. అదే పరిశోధనలో, ప్రజా రవాణా పెంచినా వాహనాల ప్రయాణ దూరం తగ్గినట్టు ఆధారం కనబడలేదని కూడా వారు రాశారు. రైలెక్కినవారు ఖాళీ చేసిన చోటును మరొకరు కారుతో నింపేస్తారు. కాబట్టి లైట్ రైలు వేస్తే రోడ్డు మీద రద్దీ తగ్గుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

చివరగా, కొత్త రోడ్డు అంటే ఫ్లైఓవర్ ఒకటే కాదు. నగరం పెరుగుతున్న అంచుల్లో, ఇళ్ళు కట్టకముందే అడ్డంగా నిలువుగా వీధులు గీసి ఆ స్థలాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టుకోవడం కూడా రోడ్డు వేయడమే. ఆ పని ఈరోజు చౌక, ఇరవై ఏళ్ళ తర్వాత భూసేకరణ, కూల్చివేతలు, కోర్టు కేసులు దాటుకుని చేయాలి. అలాంటి వీధులు లేనిచోట బస్సు తిరగలేదు, ఫైరింజను రాలేదు, రేపు పట్టాలు వేయడానికి చోటూ ఉండదు. రోడ్లన్నిటినీ ఒకే మాటతో కొట్టిపారేయడం నా వృత్తిలో ఉన్నవాడిగా నాకు బాధ కలిగిస్తుంది.


బస్సు ప్రయాణికురాలు (సమాధానం)

ఇద్దరూ బస్సును తోకగానే చూశారు. అదే 15 కిలోమీటర్ల రోడ్డులో మధ్యనున్న రెండు వరుసలను బస్సులకు మాత్రమే కేటాయిస్తే నిధిలో కొంత భాగంతోనే, ఏడాది రెండేళ్ళలో పని పూర్తవుతుంది. బ్రెజిల్‌లోని కురిచీబా నగరం ఈ పనిని 1974లోనే మొదలుపెట్టింది. కొలంబియా రాజధాని బొగొటాలో 2000లో ఇలాగే ప్రత్యేక వరుసల్లో బస్సులతో మొదలైన ట్రాన్స్‌మిలేనియో వ్యవస్థ రద్దీ వేళ ఒక్క దిశలో గంటకు 40,000 మందికి పైగా మోసింది, ఇది చాలా లైట్ రైళ్ళు చేయలేని పని. అయితే అంత మందిని మోయడానికి అక్కడ స్టేషన్ల దగ్గర బస్సులు ఒకదాన్నొకటి దాటేందుకు అదనపు వరుసలు వేయాల్సి వచ్చింది, లోపల ఇరుకు మీద ఫిర్యాదులు ఇప్పటికీ ఆగలేదు. డ్రైవర్లూ ఎక్కువ మంది కావాలి, ఎందుకంటే 300 మందికి రైల్లో ఒక్కరు చాలితే బస్సుల్లో ఇద్దరో ముగ్గురో ఉండాలి. జీతాలు ఎక్కువగా ఉన్న దేశంలో ఈ తేడా ఏటేటా కనిపిస్తుంది.

నాకు అసలు భయం వేరే ఉంది. బస్సు వరుసను రంగు గీతతో వేస్తారు, ఒత్తిడి రాగానే ఆ గీతను చెరిపేయడమూ అంతే తేలిక. పట్టాలను అలా చెరపలేరు. రోజూ ఆ వరుసను నమ్ముకుని ఉద్యోగానికి వెళ్ళే మాలాంటివారికి ఈ తేడా చిన్నది కాదు.


బాటసారి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను వేసిన ప్రశ్న సరైనది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. రైలైనా, బస్సైనా పనిచేయాలంటే కార్ల నుంచి రెండు వరుసలు తీసుకోవాలి. విస్తరణ పథకం అందరికీ నచ్చడానికి కారణం, అందులో ఎవరి నుంచీ ఏదీ తీసుకోనక్కర లేదన్న భ్రమ కావచ్చు, రోడ్డు అంచున ఇళ్ళు పోగొట్టుకునేవారిని మినహాయిస్తే. కానీ రెండు వరుసలు తీసేస్తే మిగిలిన రోడ్డు పూర్తిగా ఆగిపోదా? నిర్మాణం జరిగే మూడు నాలుగేళ్ళు ఆ వీధిలో వ్యాపారం చేసుకునేవారు ఏమైపోవాలి? ఇంత వ్యతిరేకతను తట్టుకుని ఏ నగరమైనా నిలబడిందా?


రేఖాపటం

ముందుగా రోడ్ల ఇంజనీరు గారి ఆక్షేపణకు జవాబు చెప్పాలి. లైట్ రైలు రోడ్డు రద్దీని తగ్గించదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రైలు వేయడానికి నేను చెప్పే కారణం వేరు: రోడ్డు ఎంత స్తంభించినా, ఆ మార్గంలో నమ్మకంగా, తెలిసిన సమయానికి చేరే దారి ఇంకొకటి ఉంటుంది. కారు కొనలేనివారికి, నడపలేని వయసువారికి, నడపకూడదనుకునేవారికి అది ఒక్కటే దారి. రద్దీ తగ్గాలంటే దానికి వేరే సాధనం కావాలి, దాన్ని స్టాక్‌హోమ్ చూపించింది. నగర కేంద్రంలోకి వచ్చే, పోయే వాహనాల మీద 2006 జనవరి నుంచి జూలై వరకు ప్రయోగాత్మకంగా రుసుము వసూలు చేస్తే ఆ సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. మొదట ఎక్కువ మంది వ్యతిరేకించినా, అనుభవించి చూశాక అదే ఏడాది సెప్టెంబరులో జరిగిన ఓటింగులో నగరవాసులు సమర్థించారు, 2007లో అది శాశ్వతమైంది.

వరుసలు తీసేస్తే అంతా ఆగిపోతుందన్న భయం సహజమే. సోల్ నగరం నడిబొడ్డున చంగ్యేచన్ వాగును కప్పేసి, దాని మీద కట్టిన ఎత్తైన రహదారి రోజుకు లక్షకు పైగా వాహనాలను మోసేది. 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005లో వాగును తిరిగి తెరిచారు. మధ్యలో 2004లో బస్సు మార్గాలన్నిటినీ కొత్తగా గీసి, పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకు ప్రత్యేక వరుసలు ఇచ్చారు. నగరం ఆగిపోలేదు. వరుసలు పెరిగితే కొత్త ప్రయాణాలు పుట్టినట్టే, తగ్గితే కొన్ని ప్రయాణాలు వేళ మార్చుకుంటాయి, దారి మార్చుకుంటాయి, కొన్ని మానేసుకుంటాయి. అయితే బస్సు సంస్కరణ చేయకుండా కూల్చివేత ఒక్కటే చేసి ఉంటే ఈ మాట ఇంత ధీమాగా చెప్పేవాడిని కాను.

వ్యతిరేకతను తట్టుకున్న నగరంగా నేను ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ పేరే మొదట చెబుతాను. భూగర్భంలో ఆటోమేటిక్ మెట్రో కట్టాలా, నేల మీద ట్రామ్ వేయాలా అన్నది 1989 మునిసిపల్ ఎన్నికల్లో ప్రధాన అంశమైంది. భూగర్భ మెట్రో అయితే పైన కార్ల చోటు కదలదు కాబట్టి వ్యాపారులు చాలామంది దాన్నే కోరుకున్నారు. ట్రామ్ పక్షాన నిలిచిన కేథరిన్ ట్రౌట్‌మన్ మేయరుగా గెలిచి, నగర కేంద్రం మధ్య నుంచి కార్లు అటు నుంచి ఇటు దూసుకుపోయే వీలు లేకుండా చేసి, ఆ చోటును ట్రామ్‌కూ నడిచేవారికీ ఇచ్చారు. 1994 నవంబరులో తొలి మార్గం మొదలైంది. 1995లో ఆమె మళ్ళీ గెలిచారు. ఫ్రాన్సులో ఇది సాధ్యం కావడానికి ఇంకొక బలం ఉంది: 1970ల మొదటి నుంచే అక్కడ యాజమాన్యాలు చెల్లించే జీతాల మీద ప్రజా రవాణా కోసం ప్రత్యేక పన్ను వసూలవుతోంది. కట్టాక నడపడానికి డబ్బెక్కడిదన్న ప్రశ్నకు అక్కడ జవాబు ముందుగానే ఉంది.

వ్యాపారుల నష్టం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకునేవారితో నేను ఏకీభవించను. సిడ్నీలో లైట్ రైలు నిర్మాణం లాగిపోవడంతో దెబ్బతిన్న వ్యాపారులు కోర్టు దాకా వెళ్ళారు. నష్టపరిహారాన్ని పథకం అంచనాలోనే చేర్చి, పనిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక భాగం మూసేశాకే మరొకటి తవ్వడం నాకు తెలిసిన మార్గం.


రోడ్ల ఇంజనీరు

జూరిక్‌ను కూడా చేర్చండి. అక్కడి ఓటర్లు 1962లో ట్రామ్‌లను భూగర్భంలోకి దించే పథకాన్ని, 1973లో భూగర్భ రైలును తిరస్కరించారు. 1977లో నేల మీది ట్రామ్‌లకూ బస్సులకూ ప్రాధాన్యం ఇచ్చే ప్రతిపాదనను ఆమోదించారు. ట్రామ్ వస్తోందని సిగ్నల్ ముందుగానే గుర్తించి దారి ఇచ్చేలా కూడళ్ళను మార్చారు. రైలు పథకానికి నేను ఒప్పుకోవాలంటే నా మొదటి షరతు ఇదే. ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగే లైట్ రైలు బస్సు కంటే వేగంగా వెళ్ళదు, అలాంటప్పుడు అంత ఖర్చుకు అర్థం లేదు.

బాటసారి గారు, మీ మార్గంలో ఇప్పుడు రద్దీ వేళ బస్సుల్లో ఒక్క దిశలో గంటకు ఎంతమంది వెళుతున్నారో ముందు లెక్కించమని అడగండి. వాహనాలను కాదు, మనుషులను. ఆ సంఖ్య వెయ్యి లోపుంటే బస్సు వరుసతో మొదలుపెట్టి, ఆ వరుసను పట్టాలకు సరిపోయే వెడల్పుతో, వంపుతో వేయించుకుంటే చాలు. మూడు నాలుగు వేలు దాటి, మార్గం పక్కన ఇళ్ళూ కార్యాలయాలూ ఇంకా కట్టే వీలుంటే లైట్ రైలును నేనే సమర్థిస్తాను. ఆ పైన పథకం నివేదికలో వీధి అడ్డుకోత పటం (ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దేనికెంత వెడల్పో చూపేది) తీసి చూడండి. పట్టాలు వేశాక కూడా కార్ల వరుసలు ఇప్పుడున్నన్నే చూపించి ఉంటే, అవతల నడకదారినో, చెట్లనో, ఇళ్ళనో తగ్గించి ఉంటారు. ఏవి తగ్గించారో ఆ పటంలో మీటర్లలో రాసి ఉంటుంది.